పర్లేదంటే ఎక్కడో పట్టేసిందని

“ఈ రోడ్డు పాప దాటలేదక్కా. ఎంత నేర్పినా దాటలేదు.”

ఆ మాట నేనన్నది మా వీధి చివర టైలరక్క కొట్లో, పాప బడి గౌనుకు కొలతలిస్తూ. బడి పెద్దరోడ్డుకు అవతల ఉంది. ఆ రోడ్డును బాగుచేస్తామని మున్సిపాలిటీ వాళ్లు చుట్టుపక్కల జనాన్ని అభిప్రాయాలు అడిగారు. సైన్సు చదివినదాన్నని ఫారం తయారుచేసే పని కాలనీ సంఘం నాకప్పగించింది. ‘రోడ్డు దాటడం ఎలా ఉంది?’ అన్న ప్రశ్న కింద బాగుంది, పర్లేదు, బాగాలేదు అని మూడు గడులు పెట్టాను. రెండువందల పన్నెండు ఫారాలొస్తే, నూట అరవై ఎనిమిదింటిలో టిక్కు ‘పర్లేదు’కే. జనానికి ఇబ్బందేమీ లేదు, డివైడర్ మీద పూలకుండీలు పెడితే చాలని ఇంజనీరుగారు తేల్చారు. శుక్రవారం సమావేశంలో అదే ఖాయం చేస్తారు.

అక్క పెదాల మధ్య గుండుసూదులు తీసి నవ్వింది. “ఇంత చదువుకున్నావు, ‘పర్లేదు’ని ఎలా నమ్మావే అమ్మాయ్?”

పందొమ్మిదేళ్లప్పుడు ఆమె ఈ కొట్లోనే కాజాలు కుట్టే పనికి చేరింది. యజమానికి చూపు మందగించాక మిషను ఆమె చేతికొచ్చింది. ముప్పై ఏళ్లుగా మెడలో టేపు, వేళ్లకు సుద్ద. కుట్టింది ఎలా ఉందని అడిగితే మొహమాటానికి ఎవరూ బాగాలేదనరట.

“పర్లేదన్నారంటే చంకలో పట్టేసిందని అర్థం. నేను నోటిని నమ్మను. చేతులెత్తించి చూస్తాను.”

అప్పటికప్పుడు కటింగు బల్ల మీద పెద్ద కాగితం పరిచి, నాచేత రోడ్డు బొమ్మ గీయించింది. కొట్టుకు వచ్చిన ప్రతి ఒక్కరి చేతిలో సుద్ద పెట్టి, నిన్న ఎక్కడ దాటారో గీయమంది.

“నేనెప్పుడూ రూలు ప్రకారమే దాటుతా,” అన్నాడు మందులషాపు తాత.

“రూలు సంగతి తర్వాత తాతా, నీ కాళ్లు ఎటు పోయాయో చెప్పు.”

తాత గొణుక్కుంటూ, బడికి ఎదురుగా డివైడర్ విరిగిన సందులోంచి గీత లాగాడు. నాలుగు రోజుల్లో తొంభై నాలుగు గీతలు. ఎనభై ఒకటి ఆ సందులోంచే. దాటమని తెల్లచారలు వేసిన చోట ఆరంటే ఆరే. చారలు ఆ సందుకు మూడువందల అడుగుల దూరం. నేను నడిచి లెక్కపెట్టాను.

సమావేశంలో ఇంజనీరుగారు నా ఫారాల కట్ట ఎత్తి చూపించారు. “ఇంతమంది పర్లేదన్నారు కదమ్మా, ఇంకేం కావాలి?”

అక్క లేచింది. “కోటు కొత్తదా సార్? ఎలా ఉంది?”

“ఆఁ... పర్లేదు.”

“ఒక్కసారి రెండు చేతులూ పైకెత్తండి.”

ఆయన ఇబ్బందిగా ఎత్తారు. చేతులు భుజాల దగ్గరే ఆగాయి. వీపున కుట్టు పటుక్కుమంది. హాలంతా గొల్లుమంది. ఆయనా నవ్వాపుకోలేకపోయారు.

“పర్లేదంటే ఇదే సార్,” అంటూ అక్క కాగితం విప్పింది. “కోటు నేను సరిచేసిస్తా. రోడ్డు మీరు సరిచెయ్యండి.”

ఆయన గీతలన్నీ తనే ఒకటికి రెండుసార్లు లెక్కపెట్టారు. తర్వాత తన ప్లానులో పూలకుండీల పేజీని అడ్డంగా కొట్టేసి, సందు దగ్గర జనం మీట నొక్కి దాటే సిగ్నల్ అని రాశారు. చప్పట్లు ఎంతకీ ఆగలేదు.

బడి తెరిచేసరికి సిగ్నల్ వచ్చింది. మొదటి రోజు మీట నొక్కింది టైలరక్కే. నాలుగు వరుసల బళ్లు బ్రేకులేసి ఆగాయి. మెడలో టేపుతో ఆమె మహారాణిలా నడిచింది. వెనకాల తాత, ఈసారి నిజంగానే రూలు ప్రకారం. పాప నా చెయ్యి విడిపించుకుని తోటిపిల్లలతో దాటేసింది. నేను మాత్రం ఇవతలే, గుండె గుప్పిట్లో పెట్టుకుని నిలబడ్డాను.

సాయంత్రం కొట్లో పాపను “భయమేసిందా?” అని అడగబోతుంటే అక్క నా జబ్బ గిల్లింది.

“అలా అడిగితే నీ మొహం చూసి జవాబు చెప్తుంది. ఎక్కడ ఆగావు, ఎటు చూశావు, ఎవరి పక్కన నడిచావు అని అడుగు. తర్వాత నోరు మూసుకుని విను.”

రోజూ అలాగే అడుగుతున్నాను. నోరు మూసుకోవడమే ఇంకా అలవాటు కావాలి.