అల్గిస్ నోర్కస్ తిన్నని వేళ్లు

చికాగో దక్షిణపు పేటల్లో బేస్‌బాల్ లాంటి సాఫ్ట్‌బాల్ ఆడానని ఎవడైనా అంటే మాట వినరు, చేతులు చూస్తారు. అక్కడి బంతి చిన్న పుచ్చకాయంత ఉంటుంది. గ్లవ్స్ తొడుక్కోవడం నామోషీ. కొత్త బంతి అచ్చం రాయే, బాదగా బాదగా గానీ మెత్తబడదు. అందుకే పార్కు పక్క బార్లో పెద్దమనుషుల వేళ్లు తలో దిక్కూ చూస్తుంటాయి. ఎంత వంకరుంటే అంత మర్యాద.

అల్గిస్ నోర్కస్ వేళ్లు మాత్రం పదీ చక్కగా ఉండేవి. వారమంతా బిస్కెట్ల ఫ్యాక్టరీ, శనివారాలు పెళ్లిళ్లలో హార్మోనియం లాంటి అకార్డియన్ వాయించడం, ఆదివారాలు బంతులు జోరుగా దూసుకొచ్చే మూడో బేస్ దగ్గర ఆట. వయసంతా అలాగే గడిపాడు. భార్య లియోనా ఆదివారాలు బేకరీలో ఉండేది కాబట్టి ఒక్క ఆటా చూడలేదు.

"ఆడాడమ్మా, కాదనను," అనేవాడు బార్లో ఆమెతో జట్టు కెప్టెన్ ఎమెట్. "బంతి వస్తే పాపం దానికి దారిచ్చేవాడు!"

బారంతా గొల్లుమనేది. అల్గిస్ కూడా నవ్వేసేవాడు. లియోనాకి మాత్రం తల కొట్టేసినట్టుండేది. పిల్లల్ని కుక్క కరవబోతే అడ్డుపడ్డవాడు, ఫోర్‌మన్‌తో సైతం గొడవపడ్డవాడు, బంతికి భయపడతాడా? ఇంట్లో అడిగితే, "నా చేతులు, నా ఇష్టం" అని లేచిపోయేవాడు. ఏళ్ల తరబడి ఆ సందేహం ఆమెని తొలిచేసింది.

ఈ వేసవిలో పాత ఆటగాళ్లకి పోటీ పెట్టారు. అల్గిస్ మళ్లీ మూడో బేస్ అడిగాడు.

"అక్కడ మనిషి కావాలిరా, తలుపు కాదు," అన్నాడు ఎమెట్.

"ఒక్క బంతి వదిలితే బయటికి పంపెయ్," అన్నాడు అల్గిస్.

బేకరీ పని మానేసిన లియోనా ఈసారి కంచె పట్టుకుని నిలబడింది. ఇవాళ కూడా తప్పుకుంటే ఇక బారు గుమ్మం తొక్కకూడదనుకుంది. మొదటి దెబ్బే అతని మీదికి దూసుకొచ్చింది. తెల్లటి కొత్త బంతి. అల్గిస్ ఎదురెళ్లి రెండు చేతులా పట్టి గుండెకి హత్తుకున్నాడు. బ్యాటర్ అవుటయ్యాడు. అల్గిస్ చిటికెన వేలు పక్కకి తిరిగిపోయింది. మనిషి మాత్రం పసివాడిలా నవ్వుతున్నాడు.

ఆసుపత్రిలో లియోనా నిలదీసింది. "పట్టడం వచ్చినవాడివి, అప్పుడెందుకు వదిలేశావయ్యా?"

"వేలు విరిగితే శనివారం వాయించేదెవరు? మన ముగ్గురు పిల్లలూ తిన్నది ఆ పెళ్లిళ్ల మీదేగా."

"ఆ ముక్క వాళ్లతో చెప్పలేకపోయావా?"

"చెబితే నీ మీద పడేవాళ్లు. పెళ్లాం పట్టనివ్వలేదంటూ బతికినన్నాళ్లూ ఏడిపించేవాళ్లు. నన్ను చూసి నవ్వితే నాకేం పోయింది? ఇప్పుడంటావా, అకార్డియన్‌కి పిలిచేవాడే లేడు. ఇంక ఈ చేతులు ఎవరి కోసం దాచాలి?"

లియోనాకి ఏడుపు ఆగలేదు. పిరికివాడేమోనని ఇన్నేళ్లు లోలోపల అనుకున్నందుకు సిగ్గేసింది, ఇంత ఆలస్యంగా తెలిసినందుకు కోపమూ వచ్చింది.

ఇంతలో యువ డాక్టరు వచ్చి వేలు చూశాడు. "చిన్న పనే. లాగి సరిచేస్తే మళ్లీ మామూలుగా తిన్నగా అయిపోతుంది."

అల్గిస్ భార్య వైపు చూశాడు.

లియోనా కళ్లు తుడుచుకుంది. "లాగొద్దు డాక్టర్ గారూ. ఉన్నదాన్ని ఉన్నట్టే కట్టెయ్యండి."