ఉదాహరణకి పది మార్కులు

మూడు ముక్కల మాస్టారంటే బైబిలు బడిలో తెలియనివాళ్లు లేరు. ఏ ప్రసంగమైనా మూడు ముక్కల్లో తేలిపోవాలనీ, నాలుగో ముక్క మొదలైతే వెనక వరసలో ఆవులింతలు మొదలవుతాయనీ ఆయన సిద్ధాంతం. కాబోయే పాస్టర్లకి ప్రసంగం చెప్పడం నేర్పడమే ఆయన ఉద్యోగం, ముప్పై ఏళ్లుగా. మనిషి బక్కపల్చన, గొంతు మాత్రం కంచు. ఇంట్లో ఉప్పు డబ్బా ఎక్కడుంటుందో తెలియదు గానీ, ఏ ఊరి బస్సు ఎన్ని గంటలకో నిద్రలో లేపి అడిగినా చెబుతారు.

ప్రయాణమంటే ఆయనకి ప్రాణం. సంచిలో రెండు జతల బట్టలుంటే పది పుస్తకాలుంటాయి. కిటికీ పక్క సీటు, ఒళ్లో పుస్తకం, దారిలో తగిలిన మనుషుల మాటలు రాసుకోడానికి అట్టలూడిన నోటుబుక్కు ఉంటే చాలు, ఆకలి కూడా గుర్తురాదు. ఇంట్లో పుస్తకాలు బీరువా నిండి, మంచం కిందికి దూరి, చివరికి కుట్టుమిషను మీదికెక్కాయి.

"దాన్నైనా వదిలిపెట్టకూడదూ?" అంటుంది భార్య.

"అది మూలపడి ఎన్నేళ్లయింది!" అంటారాయన.

ఎన్నేళ్లయిందో ఇద్దరికీ తెలుసు. పాప గౌన్లు కుట్టడానికి కొన్న మిషనది. పాప ఆరో ఏట జ్వరంతో పోయింది. ఇప్పటికి ఇరవై రెండేళ్లు.

ఆ రోజు మాస్టారు ఇంట్లో లేరు. దూరపు ఊళ్లో సభలు. జ్వరమే కదా, తగ్గిపోతుందిలే అని సంచి భుజాన వేసుకుని వెళ్లారు. తిరిగొచ్చేసరికి అంతా అయిపోయింది. "నిద్రలోనే పోయిందండీ" అంది భార్య. ఆ తర్వాత ఇంట్లో ఎవరూ ఆ మాట ఎత్తలేదు.

బయట మాత్రం మాస్టారు ఎత్తారు. ఏడాది తర్వాత ఒక ఊళ్లో ప్రసంగం మధ్యలో "నా బిడ్డ నిద్రలోనే ప్రభువు దగ్గరికి వెళ్లింది" అన్నారు. జనం కళ్లు తుడుచుకున్నారు. ఇంకో ఊళ్లో, నిద్రపోయే ముందు పాప నవ్వింది. మూడో ఊరికి వచ్చేసరికి ఆయన మంచం పక్కనే ఉన్నారు, పాప ఆయన చెయ్యి పట్టుకుని "నాన్నా, నువ్వేం భయపడకు" అంది. కూర్చుని అల్లింది కాదు. చెప్పగా చెప్పగా ఆ చిన్న చెయ్యి నిజంగానే ఆయన అరచేతికి తగిలేది. సభల్లో చెప్పారు, పాఠంలో చెప్పారు. భార్య ఎదురుగా మాత్రం ఏనాడూ చెప్పలేదు. ఆవిడ వెంట వస్తానంటే ప్రసంగమే మార్చేసేవారు. ఈ సంగతి ఆవిడ చెవిన పడకుండా ప్రాణం పోవాలని ఆయన కోరిక.

చదువు చివర ప్రతి విద్యార్థీ ఏదో ఒక సంఘంలో ప్రసంగం చెప్పాలి, మాస్టారు వెళ్లి మార్కులు వెయ్యాలి. మార్కుల కాగితం ఆయన తయారుచేసిందే. అందులో ఆఖరి గడి: "ఉదాహరణ. నిజంగా జరిగినదేనా? ఎవరిదో చెప్పాడా? పది మార్కులు." కట్టుకథలు చెప్పే ప్రసంగీకులంటే ఆయనకి ఒళ్లు మంట. ఆ మంట ఎవరి మీదో నన్నడక్కండి.

ఈ ఆదివారం వంతు వచ్చిన విద్యార్థి నెమ్మదస్తుడు, పెళ్లయినవాడు. ఇంటికొచ్చి మరీ "అమ్మగారూ, మీ చేతి అన్నం తిన్నవాణ్ణి, మీరు రాకపోతే ఎలా?" అన్నాడు. ఆవిడ కాదనలేకపోయింది. ఒక్క ప్రసంగమే కదా అనుకున్నారు మాస్టారు.

మొదటి ముక్క బాగా చెప్పాడు. రెండోది ఇంకా బాగా చెప్పాడు. మూడో ముక్కకొచ్చి బైబిలు మూశాడు.

"దీనికి ఉదాహరణ మా మాస్టారి జీవితమే. ఆయనా అమ్మగారూ ఇవాళ మన మధ్యే ఉన్నారు."

తలలన్నీ ఇటు తిరిగాయి. మాస్టారు ఆపమని పెన్సిలు పైకెత్తారు. తరగతిలో పెన్సిలెత్తితే గొంతు పెంచమని అర్థం. శిష్యుడు వినయంగా గొంతు పెంచాడు. జ్వరం, మంచం, పక్కనే తండ్రి, తండ్రి చేతిలో చిన్న చెయ్యి, ఒక్కటీ వదల్లేదు. "నాన్నా, నువ్వేం భయపడకు" అనగానే సంఘమంతా "స్తోత్రం" అంది. భార్య తలెత్తకుండా బైబిలు అంచుని వేలితో రాస్తూ కూర్చుంది.

ఆరాధన అయ్యాక ఒకామె వచ్చి ఆవిడ రెండు చేతులూ పట్టుకుంది. కిందటేడు కొడుకుని పోగొట్టుకున్న మనిషి.

"ఆ మాట విన్నాక ఇవాళ నాలుగు ముద్దలు తినగలనమ్మా. నిజంగా అలాగే అందా?"

మాస్టారు నేల చూపులు చూశారు. భార్య ఆమె మొహంలోకి కాసేపు చూసింది.

"అలాగే అందమ్మా" అంది.

ఇంతలో విద్యార్థి పరుగున వచ్చాడు. "ఎలా చెప్పాను మాస్టారూ?"

ఆఖరి గడి ఖాళీగా ఉంది. సున్నా వేస్తే ఎందుకో చెప్పాలి. భార్య పక్కనే నిలబడి ఉంది. సిగ్గుతో చచ్చిపోతూ మాస్టారు పది వేసి సంతకం పెట్టారు.

మిట్టమధ్యాహ్నం బస్సు. కిటికీ సీటు భార్యకిచ్చారు, పెళ్లయ్యాక మొదటిసారి. సంచిలోంచి పుస్తకం తియ్యలేదు. లోలోపల ప్రార్థన చేద్దామంటే "ప్రభువా" దగ్గరే మాట ఆగిపోయింది.

"ఎన్ని ఊళ్లల్లో చెప్పారండీ?" అడిగింది ఆవిడ.

"చాలా చోట్ల. నేను..."

"మీరొక్కరే కాదు లెండి. నేనూ చెప్పాను."

"నువ్వేం చెప్పావు?"

"నిద్రలో పోయిందని."

ఆయన ఆవిడ వైపు తిరిగారు. ఆవిడ కిటికీలోంచి బయటికే చూస్తోంది.

"పొద్దుట్నుంచీ మెలకువగానే ఉంది. తలుపు చప్పుడైతే చాలు, 'నాన్నొచ్చాడా?' అని తల ఎత్తేది. పక్కింటివాళ్ల తలుపైనా సరే. వచ్చేస్తున్నాడమ్మా, వచ్చేస్తున్నాడు అంటూనే ఉన్నాను. మీతో చెబితే ఇంక ఎక్కడా నోరు విప్పలేరని చెప్పలేదు."

మాస్టారు ఒళ్లో అరచెయ్యి తెరిచి చూసుకున్నారు. ఇన్నాళ్లూ అందులో తగిలిన ఆ చిన్న చెయ్యి లేదు.

బస్సు ఆగింది. తలుపు దభాలున తెరుచుకుంది. ఎవరో ఎక్కారు. ఇద్దరూ తలుపు వైపు చూశారు.

ఆ దారిలో స్టాపులు మాస్టారికి నోటికి వచ్చు. ఇంకా పదకొండు ఉన్నాయి.