చివర్న వేసే స్విచ్చు

నా థీసిస్ ఇవ్వడానికి ఇంక ఒక్క రోజే గడువుంది. మరుసటి రోజు సాయంత్రం నాలుగులోపు కుప్పం యూనివర్సిటీలో అప్పజెప్పకపోతే రిజిస్ట్రేషన్ రద్దు. అప్పటికే రెండుసార్లు పొడిగింపు తీసుకున్నాను. మూడోసారి అడగడానికి నాకు మొహం చెల్లలేదు. ఆరేళ్లపాటు మదనపల్లె కాలేజీలో పాఠాలు చెప్పి, సాయంత్రం బస్సులో పుంగనూరు చేరి, పొయ్యి మీద కూర ఉడికేలోపు రాసుకున్న పని అది. మా ప్రాంతపు ఆడవాళ్లు పొలం పనుల్లో వాడే మాటల మీద. ఇంతా చేస్తే రెండొందల ముప్ఫై పేజీలు ల్యాప్‌టాప్‌లో కూర్చుని బయటికి రామని మొరాయిస్తున్నాయి.

రెండు వేల దశకం చివరి రోజులవి. మా ఆయన మదనపల్లెలో ఒక కంప్యూటర్ సెంటర్‌లో క్లాసులు చెప్పేవారు. బెంగళూరు వెళ్లి వైర్‌లెస్ ప్రింటర్ మోసుకొచ్చారు. దాంతో పాటు కేబుల్ రాలేదు. కొందామంటే నవ్వారు. "వైరే లేని ప్రింటర్‌కి వైరు యాలమ్మే?" అన్నారు. హాల్లో ఫోన్ పక్కన బ్రాడ్‌బ్యాండ్ పెట్టె ఉండేది, దాని ద్వారానే గాల్లోంచి ప్రింటు వస్తుందన్నమాట. మొదటి రోజు వీధిలో నలుగురిని పిలిచి చూపించారు కూడా.

తర్వాత మొదలయ్యాయి దాని వేషాలు. ప్రింటర్ మీద నీలం లైటు నిక్షేపంగా వెలుగుతుంటుంది. ల్యాప్‌టాప్ మాత్రం ప్రింటర్ ఆఫ్‌లైన్‌లో ఉందంటుంది. ఈయన ల్యాప్‌టాప్‌లోంచి ప్రింటర్ పేరు తీసేసి మళ్లీ చేరుస్తారు. ఇరవై కాగితాలు వస్తాయి. "చూసినావా, డ్రైవర్‌ది తప్పు" అంటారు. మర్నాటికి మళ్లీ మామూలే. అప్పుడు ఫైర్‌వాల్‌ది తప్పు. ఆ మర్నాడు మా ఇంటి మట్టిగోడ మందం తప్పు. పెట్టెని హాల్లోంచి నడవలోకి, నడవలోంచి పడకగదిలోకి తిప్పారు, పిల్లి తన పిల్లల్ని తిప్పినట్టు. ఆయనది తప్పని మాత్రం ఒక్కరోజూ తేలలేదు.

బయట తీయించుకుందామంటే ఊర్లో గంగమ్మ జాతర. జెరాక్సు కొట్లన్నీ మూత. మదనపల్లెలో మా ఆయన సెంటర్‌కీ సెలవు. నేను టైపు చేసిన తెలుగు ఫాంటు వేరే కంప్యూటర్‌లో తెరిస్తే అక్షరాలన్నీ పిచ్చిగీతలయ్యేవి. కుప్పం వెళ్లి అక్కడ మొదలుపెడితే బైండింగ్‌కి టైము చాలదు. ఒక్క ప్రతి ఇంట్లో తీసుకుంటే చాలు, పొద్దున్నే కుప్పంలో జెరాక్సు చేయించి బైండు చేసిస్తానని అక్కడి కొట్టాయన ఒప్పుకున్నాడు. కాబట్టి ఏం జరిగినా ఆ రోజే, ఆ ఇంట్లోనే జరగాలి.

అప్పట్లో రోజుకి రెండు కరెంటు కోతలు, పొద్దున పదికొకటి, మధ్యాహ్నం మూడుకొకటి. ఆ రోజు తొమ్మిదిన్నరకి ఇంకోసారి ప్రింటర్ పేరు తీసేసి చేర్చారు. పదహారు పేజీలు వచ్చాయి, కరెంటు పోయింది. పన్నెండు దాకా నేను ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని, దాని బ్యాటరీ తగ్గడం చూస్తూ కూర్చున్నాను.

మా అత్తకి ఒక అలవాటు. కరెంటు పోగానే ఇంట్లో స్విచ్చులన్నీ ఆపేస్తుంది. వచ్చాక పది నిమిషాలు ఆగి ఒక్కొక్కటే వేస్తుంది. ఒకసారి కరెంటు ఎక్కువగా వచ్చి టీవీ కాలిపోయింది, అప్పటినుంచీ అంతే. మా వీధిలో సగం ఇళ్లలో అదే పద్ధతి. ముందు బల్బు, తర్వాత ఫ్యాను, బ్రాడ్‌బ్యాండ్ పెట్టె, టీవీ. ఇంట్లో అన్నింటికన్నా ఖరీదైన వస్తువు ప్రింటర్ గనక దాని స్విచ్చు అన్నిటికన్నా చివర్న.

పన్నెండుకి కరెంటు వచ్చింది. ఆవిడ తీరిగ్గా స్విచ్చులు వేసుకుంటూ వచ్చింది. నేను ప్రింటు నొక్కాను. ఆఫ్‌లైన్!

నాకు కళ్లు ఎర్రబడ్డాయి. మొగుడి మీద అరిచీ అరిచీ గొంతు పోయింది కాబోలు, ఆవిడ మీద పడ్డాను. "అత్తా, నీకెన్నిసార్లు చెప్పాలి, ఆ స్విచ్చుల జోలికి పోవద్దని? చదువుంటే కదా తెలిసేది, ఏది ముట్టుకోవాలో ఏది ముట్టుకోగూడదో!"

మా ఆయన తలెత్తి నన్ను చూశారు. ఆవిడ చెయ్యి స్విచ్చుబోర్డు మీద అలాగే ఉండిపోయింది.

నాతో కాదు, కొడుకుతో అంది. "నేను మిషను ముట్టలేదు నాయనా. అది ఎప్పుడు అలుగుతాదో నేను సూస్తానే ఉండాను. మొన్న మీరిద్దురూ ఇంట్లో లేరు. నేను స్విచ్చులన్నీ ఏసేసింటి. తర్వాత నీ పెండ్లాం వచ్చి ల్యాప్‌టాప్ తెరిస్తే బిరబిరా కాగితాలు వచ్చె. ఈయమ్మి ముందే తెరిసి పెట్టుకోనుండిన దినాల్లోనే అది పలకదు. మీరు అడిగితే కదా నేను చెప్పేది."

ఆయన నెత్తి కొట్టుకున్నారు. సంగతేమిటంటే, పెట్టె తిరిగి వెలిగిన ప్రతిసారీ తన దగ్గరికి వచ్చినవాటికి వచ్చిన వరసలో ఒక్కో నంబరు ఇస్తుంది. బస్సులో ముందెక్కినవాడు కిటికీ పక్క సీట్లో టవలు వేసినట్టు. బ్యాటరీ మీద బతికుండి కాచుక్కూర్చున్న నా ల్యాప్‌టాప్, పెట్టె వెలగడం ఆలస్యం, మొదటి నంబరు పట్టేసేది. చివర్న వచ్చిన ప్రింటర్‌కి వేరే నంబరు దొరికేది. ల్యాప్‌టాప్ మాత్రం ప్రింటర్‌ని, పేరు చేర్చినప్పుడు దానికున్న పాత నంబరులోనే వెతికేది. ఆ నంబరులో తనే కూర్చుని! డ్రైవరూ కాదు, గోడా కాదు. క్లాసులో పిల్లలకి ఈ నంబర్ల పాఠం చెప్పే మనిషికి సొంతింట్లో తట్టలేదు.

పెట్టె సెట్టింగుల్లోకి వెళ్లి ప్రింటర్‌కి ఒక నంబరు శాశ్వతంగా రాసిచ్చేశారు. ఐదు నిమిషాల పని. పరీక్ష కోసం అన్నీ ఆపి, కావాలనే ప్రింటర్‌ని చివర్న వేయించారు. నేను నొక్కాను. వచ్చింది.

నాకు సిగ్గేసింది. ఆవిడని క్షమించమని అడగాలనుకున్నాను, కాగితాలు సర్దుకునే పనిలో పడ్డాను. ప్రింటర్ గరగరమంటూ తీస్తుంటే అత్త పక్కన చాప వేసుకుని కూర్చుని, వచ్చిన కాగితాన్నల్లా తడి ఆరేదాకా పట్టుకుని నాకందించింది. అన్నం తినమని కూడా ఆవిడే గుర్తుచేసింది. రెండున్నర దాటాక ఆఖరి పేజీ వచ్చింది. మూడుకి కోత. ఇంకా ఇరవై నిమిషాలుంది.

"నేను చెప్పిన మాటలు యాడుండాయి, సూపీ" అంది.

థీసిస్‌లోని మాటల్లో సగానికి సగం ఆవిడ చెప్పినవే. చెనక్కాయలు ఒలుస్తూ, కలుపు తీస్తూ, ఎనుముకి మేత వేస్తూ చెబుతుంటే వెనకాలే తిరిగి రాసుకున్నాను. చూపించాను. మునుం అంటే కలుపు తీసే వరస, గాటిపాడు అంటే పశువుల్ని కట్టేసే చోటు అని చదువుతుంటే పమిట అడ్డం పెట్టుకుని నవ్వింది. "ఈ మాటలకి పెద్ద చదువు ఇస్తారా?" అంది.

"ఇస్తారత్తా."

"మరి నా పేరు రాసినావా?"

"పేర్లు రాయగూడదు. అదొక పద్ధతి."

"పేరు లేకుంటే ఏమని రాస్తారు?"

ఆ పేజీ నా చేతిలోనే ఉంది. మాటలు చెప్పినవాళ్ల పట్టికలో ఏడో వరస. 'స్త్రీ, అరవై రెండేళ్లు, నిరక్షరాస్యురాలు.' పట్టికలో అలా రాయడమే నియమం. అందరికీ అలాగే రాశాను, ఆవిడకీ అలాగే రాశాను. రాసేటప్పుడు ఏమీ అనిపించలేదు.

"స్త్రీ, అరవై రెండేళ్లు" అని చదివాను.

"అంతేనా?"

"అంతే."

ఆవిడ తలూపి, కాగితం మీద ఆ వరస ఎక్కడో అడిగి, వేలు పెట్టించుకుని తడిమి చూసుకుంది. నేను చదవని ఆ మూడో ముక్క మీద కూడా. కరెంటు పోవడానికి ఇంకా పది నిమిషాలుంది, ప్రింటర్ బాగా పనిచేస్తోంది, మార్చి తీయాల్సింది ఒక్క కాగితం. నేను తీయలేదు. మరుసటి రోజు మూడున్నరకి కుప్పంలో ఐదు ప్రతులూ అప్పజెప్పాను, ఐదింటిలోనూ ఆ మాటతోనే.