తొమ్మిదో అంశం నేను రాశాను

నేను రాసిన తొమ్మిదో అంశాన్ని నా జాబితాలోంచి తీసేసి, ఆ లోపాన్ని నేను అసలు చూడనే లేదని నా ఉద్యోగ రికార్డులో రాశారు. జరిగిన అన్యాయం ఇది. ఇక పూర్వాపరాలు చెబుతాను.

కోవిడ్ ఆంక్షలు ఎత్తేశాక వచ్చిన రెండో సెప్టెంబరు. డబ్లిన్ పక్కన స్వోర్డ్స్‌లో ఒక బిల్డింగ్ సర్వే సంస్థలో స్నాగర్‌గా పని చేస్తున్నాను. కొత్త ఇంటి తాళాలు కొన్నవాళ్ల చేతికి రాకముందు ఒక మనిషి వెళ్లి, తలుపులు తీసి మూసి, టైళ్లు తట్టి, కుళాయిలు తిప్పి, కనిపించిన లోపాలన్నీ వరుస నంబర్లతో రాసివ్వాలి. ఆ కాగితాన్ని ఇక్కడ స్నాగ్ లిస్ట్ అంటారు. రాసేవాడు స్నాగర్. అతనికి పైన డిగ్రీ ఉన్న సర్వేయరు, ఆయనకు పైన మేనేజరు. నాకు డిగ్రీ లేదు. నరసరావుపేటలో పదో తరగతితో చదువు ఆపేసి మేస్త్రీల వెంట తిరిగాను. దోహాలో సైట్ సూపర్‌వైజరుగా చేశాను. ఇక్కడికొచ్చాక లైబ్రరీ పుస్తకాలు ముందేసుకుని ఐర్లండ్ నిర్మాణ నిబంధనలు నేర్చుకున్నాను. ఇదంతా సిగ్గుపడుతూ చెప్పడం లేదు.

ఆ ఏడాది మా సంస్థకు కొత్త రకం పని వచ్చింది. ఆల్ప్స్ కొండల్లో ఒక స్కీ ఊళ్లో కడుతున్న ఫ్లాట్లను డబ్లిన్ ఏజెంటు ఒకాయన ఐర్లండ్‌లో అమ్ముతున్నాడు. గాల్వేలోనో డబ్లిన్‌లోనో ఇల్లు కొనే స్తోమత లేక, ఏళ్ల తరబడి అద్దె కడుతున్నవాళ్లు ఆయన గురి. శీతాకాలం స్కీయింగ్‌కు వచ్చేవాళ్లు, వేసవిలో కొండలెక్కేవాళ్లు అద్దెకు దిగుతారు, ఆ రాబడితో తర్వాత ఇక్కడ ఇల్లు కొనుక్కోవచ్చు అన్నది ఆయన లెక్క. నేలమీద అంతస్తులో ఆరు ఫ్లాట్లున్నాయి. ఆరూ తెలుగువాళ్లే తీసుకున్నారు. మందుల ఫ్యాక్టరీల్లో, వైద్య పరికరాల కంపెనీల్లో పనిచేసే ఇంజనీర్లు. కారణం, ఆ ఆరింటికీ వాకిలి తూర్పున ఉంది. వాట్సాప్ గ్రూపులో ఆ సంగతి పాకగానే మూడు రోజుల్లో ఖాళీ అయిపోయాయి. ఏజెంటు ఐరిష్ మనిషే అయినా వాస్తు అనే మాట నేర్చుకుని, బ్రోచర్ మీద దిక్సూచి బొమ్మ కూడా అచ్చేయించాడు.

నేను వాస్తును వెక్కిరించేవాణ్ని కాను. మా ఇంటి వాకిలి కూడా తూర్పే. కానీ మంచు కురిసే కొండ మీద వాకిలి ఎటుందో చూసేముందు కప్పు ఎటు వాలిందో చూడాలి. ఆ ఆరు కుటుంబాల్లో ఎవరికీ అది తోచలేదు. ఎలా తోస్తుంది? మనలో ఎవరి ఇంటి కప్పు మీద మనిషెత్తు మంచు పేరుకుంది గనక?

నన్ను రెండు రోజుల పనికి పంపారు. ఎండ కాస్తోంది, కొండలు పచ్చగా ఉన్నాయి, ఆవుల మెడల్లో గంటలు మోగుతున్నాయి. మంచు అన్న మాటే గుర్తు రాదు. ఫ్లాట్లు చూడటం అయ్యాక, వెనక కొండదారి ఎక్కి నిలబడితే కప్పు మొత్తం కనిపించింది. నున్నటి రేకుల కప్పు, తూర్పుకు ఏటవాలుగా దిగింది. అలాంటి కప్పు మీద మంచు ఒక్కసారిగా జారిపోకుండా ఇనుప కడ్డీలు వరుసగా బిగిస్తారు. ప్లానులో రెండు వాలులకూ ఉన్నాయి. కప్పు మీద మాత్రం పడమటి వైపే ఉన్నాయి, అటు కొండ గట్టు మీద కార్లు నిలిపే చోటు ఉంది కాబట్టి. తూర్పున, ఆరు వాకిళ్ల నెత్తిన, ఒక్కటీ లేదు. తలుపులు బయటికి తెరుచుకునేవి. ఇంటి వెనక భాగం కొండను ఆనుకున్న గోడ, పైన చిన్న కిటికీలు. అంటే లోపల్నుంచి బయటికి రావడానికి దారి ఒక్కటే.

పక్క పాత భవనాన్ని చూసుకునే ఒక పెద్దావిడ నన్ను గమనించి తన గదిలోకి పిలిచింది. ఆమె ఇంగ్లీషు, నా ఇంగ్లీషు రెండూ కుంటేవే. తలుపు పక్కన గోడకు పార తగిలించి ఉంది. ఇంట్లో పారేమిటని అడిగాను. ఆమె నన్ను తెలివితక్కువ పిల్లాడిలా చూసి, "బయట పెడితే పొద్దున దాన్ని ఎలా తెచ్చుకుంటావు?" అంది. తర్వాత తన తలుపు లాగి చూపించింది. లోపలికి తెరుచుకుంది. ఆ ఊళ్లో పాత తలుపులన్నీ అంతే.

ఆ రాత్రి జాబితాలో పదిహేడు అంశాలు రాశాను. తొమ్మిదోది ఇది: తూర్పు వాలు మీద మంచు ఆపే కడ్డీలు లేవు, తలుపు బయటికి తెరుచుకుంటుంది, మంచు జారిపడితే లోపలివారు బయటికి రాలేరు, సరిచేసేవరకు తాళాలు తీసుకోవద్దు. చేతిరాత కాగితం ఆఫీసులో ఇచ్చాను. టైపు చేసి కొన్నవాళ్లకు పంపేది ఆఫీసే.

మూడు వారాల తర్వాత ఆరుగురిలో ఒకడైన మహేందర్, భార్య స్వప్నతో కలిసి మా ఇంటికొచ్చాడు. వరంగల్ పిల్లలు, గాల్వేలో ఉద్యోగం, ఏడాది పాప. ఎయిర్‌పోర్టులో చెల్లెల్ని దింపి, నేనే ఫ్లాట్లు చూశానని ఎవరో చెబితే వచ్చారు.

"మనోడు చూసిండంటే ఇగ మాకు రంది లేదు అంకుల్," అన్నాడు మహేందర్.

"క్రిస్మస్ సెలవులకు పాపను తీస్కొని పోతం. ఫస్ట్ మేమే పండుకోవాలె ఆ ఇంట్ల. కిరాయికి ఇచ్చుడు ఆ తర్వాతనే," అంది స్వప్న.

జాబితా చూపించమన్నాను. ఫోన్‌లో తీసి ఇచ్చాడు. పదహారు అంశాలు. తొమ్మిదోది, స్నానాలగది తలుపు పిడి వదులు. అది నేను పదోదిగా రాసింది. అట్టడుగున, పరిశీలించినవారు అన్నచోట, నా పేరు.

కొనుగోలు పత్రం మీద చివరి సంతకం ఎప్పుడని అడిగాను. శుక్రవారం, సొలిసిటర్ ఆఫీసులో, అంటే లాయరు దగ్గర అన్నాడు. అంటే మూడు రోజులు. స్నాగర్ కొన్నవాళ్లతో నేరుగా మాట్లాడకూడదని మా సంస్థ నిబంధన. తెలిసే మాట్లాడాను. ఉన్నదున్నట్టు చెప్పాను.

మహేందర్ ముఖం మాడిపోయింది. "గిప్పుడు చెప్తున్నరేంది అంకుల్? ఊర్ల పంతులుకు ప్లాన్ పంపిస్తిమి. తూర్పు వాకిలి, కండ్లు మూస్కొని తీస్కో అన్నడు."

"ఆ పంతులుగారు మంచు చూశారా?" అన్నాను.

"ఫ్రిజ్‌ల తప్ప ఎన్నడు చూడలే," అంది స్వప్న. ఆ మాటకు తనే నవ్వింది, మళ్లీ వెంటనే ఆపేసింది. "పాపతోని లోపలున్నప్పుడు తలుపు రాకపోతే ఎట్ల? ఫోన్ చెయ్యి నువ్వు."

మా వంటింట్లోంచే సొలిసిటర్‌కు ఫోన్ చేసి సంతకం ఆపించాడు. మిగతా ఐదుగురూ ఆపారు. కడ్డీలు బిగించి, తలుపులు లోపలికి తిప్పాకే తాళాలు తీసుకున్నారు.

ఇక నా సంగతి. ఏజెంటు మా సంస్థ మీద విరుచుకుపడ్డాడు, మాకు పని ఇచ్చేది ఆయనే కాబట్టి. మేనేజరు నన్ను పిలిచి, మంచు స్నాగ్ కిందికి రాదు, అది ఇంజనీరు చూసుకునే వ్యవహారం అన్నాడు. టైలు పగిలితే స్నాగ్ అవుతుంది గానీ, ఉన్న ఒక్క తలుపూ తెరుచుకోకపోతే కాదా అని అడిగాను. "ఇట్ వుడ్ హావ్ బీన్ గ్రాండ్," అన్నాడు. ఏమీ అయ్యేది కాదులే అనడానికి ఇక్కడివాళ్ల మాట.

వారం తర్వాత లిఖితపూర్వక హెచ్చరిక ఇచ్చారు. అందులో ఆరోపణలు రెండు. కొన్నవాళ్లతో నేరుగా మాట్లాడాను. నిజమే, ఒప్పుకుని సంతకం పెట్టాను. రెండోది, కప్పు లోపాన్ని పరిశీలనలో గుర్తించక, దాన్ని కప్పిపుచ్చుకోవడానికి తర్వాత ప్రచారం చేశానని. దాన్ని అడ్డంగా కొట్టేసి, ఇది అబద్ధం అని పక్కన రాశాను. వసంతంలో రిటైరవుతున్నావు, ఆ ఫైలు ఇంకెవరు చూస్తారు అన్నాడు మేనేజరు. నేను చూస్తాను అన్నాను.

రిటైరయ్యాక ఉత్తరాలు రాయడం మొదలుపెట్టాను. నాకు పరిహారం అక్కర్లేదు, ఆ ఒక్క వాక్యం సరిచేయండి అని. మీ సేవలకు కృతజ్ఞతలు అని జవాబు వచ్చేది. మేస్త్రీ కాలం నుంచీ కార్బన్ పెట్టి రాయడం నా అలవాటు, నకలు పంపాను. అది ఎప్పుడు రాసిందో నిర్ధారించలేం అన్నారు. మళ్లీ లైబ్రరీకి వెళ్లాను. నా పేరు మీదున్న రికార్డులన్నీ అడిగి తీసుకునే హక్కు చట్టం నాకిచ్చిందని అక్కడ చదివి, ఆ ప్రకారం దరఖాస్తు పెట్టాను. వచ్చిన కవరులో నా చేతిరాత జాబితా స్కాన్ ఉంది. నేను తిరిగొచ్చిన రోజు తేదీతో ఆఫీసు ముద్ర ఉంది. తొమ్మిదో అంశం మీద నీలిరంగు పెన్నుతో గీత ఉంది. ఆ కాగితం జతచేసి ఒకే ప్రశ్న రాశాను: ఈ గీత ఎవరిది?

ఈ వృత్తిలోకి వచ్చేవారికి నేను చెప్పగలిగేది ఇంతే. మీరు ఆపిన ప్రమాదానికి సాక్ష్యం ఉండదు, మీరు రాసిన కాగితమే సాక్ష్యం. నకలు లేకుండా ఏదీ ఇవ్వకండి. మీ పేరుతో బయటికి వెళ్లిన కాగితాన్ని వెళ్లాక కూడా తెప్పించుకుని చదవండి. ఈ రెండోది నేను చేయలేదు. మహేందర్ మా ఇంటికి రాకపోయి ఉంటే నాకు తెలిసేదే కాదు. ఆ తప్పు నాదే, ఒప్పుకుంటాను. మిగతాది ఎవరిదో వాళ్లు రాసిన జవాబులో ఉంది. నాలుగు నెలల తర్వాత వచ్చింది. మొత్తం ఇది:

"మీరు మాకు అందజేసిన జాబితాలో తొమ్మిదో అంశం ఉంది. దాన్ని మా కార్యాలయంలో కొట్టివేశాం. ఆ విషయం మీకు తెలియజేయలేదు. మీ రికార్డులోని రెండో ఆరోపణను తొలగించాం."