బావ పడ్డ మాట

ఈ ఉదయం నా తప్పుకు మా బావ మాట పడ్డాడు. నేను పక్కనే ఉండి నోరు మెదపలేదు.

ఆయన మా అక్క భర్త. ఈకలూ దారమూ చుట్టి పురుగులా కనిపించేటట్టు కట్టిన గాలాన్ని, అదే ఫ్లైని, నీటి మీద మెత్తగా వాలేలా విసరడం నాకు నేర్పింది ఆయనే. మలేషియాలో మేముండే ఇపో ఊరి బయట పాత తగరపు గని గుంట ఒకటి చెరువైపోయి ఉంది. దాంట్లో ఒక చైనా పెద్దాయన కార్పు చేపలు పెంచుతున్నాడు. వానలు పట్టగానే అవి గట్టు వార గడ్డిలోకి వచ్చి గుడ్లు పెడతాయి. పెద్దాయన షరతు ఒక్కటే: బయట నీళ్లలో తిరిగే చేపలకు విసరండి, గడ్డిలో ఉన్నవాటి జోలికి పోకండి. నా తరఫున కూడా బావే మాటిచ్చాడు. "పురిటిగదిలోకి తొంగి సూడకూడదురా," అని నవ్వుతూ నాకూ చెప్పాడు.

బయట చేపలు పొద్దున్నుంచీ నా ఫ్లైని చూసి పక్కకు తప్పుకుంటూనే ఉన్నాయి. గడ్డిలో మాత్రం వీపులు పైకి తేలి, నీళ్లు కుతకుతలాడుతున్నాయి. బావ టీ ఫ్లాస్కు కోసం కారు దగ్గరికి వెళ్లగానే అటు విసిరాను.

గుడ్లు పెట్టే ధ్యాసలో ఉన్న చేప మేత ముట్టదని నాకు తెలుసు. గాలం నోట్లో కాదు, ఒక ఆడచేప పొట్ట కింది రెక్కలో దిగింది. అది గడ్డిలో చుట్టుకుపోయి కొట్టుకుంటుంటే బెదిరిపోయి బావను కేకేశాను. ఆయన ప్యాంటుతోనే నడుములోతు దిగి, అడ్డమొచ్చిన గడ్డి పీకి గట్టు మీదకు విసిరేసి, గాలం విడిపించాడు.

చేప ఇంకా ఆయన చేతుల్లో ఉండగానే పెద్దాయన వచ్చాడు. గొంతు పెంచకుండానే, మలయ్ భాషలో, నీ మాట నమ్మాను, ఇకమీదట ఇటు రావద్దు అన్నాడు. బావ తలవంచుకుని క్షమించమన్నాడు. నేను గాలం లైను చుట్టుకుంటూ నిలబడ్డాను.

కారులో తిడతాడని చూశాను. తిట్టలేదు. వాళ్ల ఇంటి దగ్గర కారు ఆపాక, బావ దిగబోతుంటే నేనే అడిగాను, నేను చేశానని ఎందుకు చెప్పలేదని.

"నాను సెప్తే సాడీ అవుద్ది. నీకు నోరు నేదేటి?"

అక్కడినుంచే కారు వెనక్కి తిప్పాను. పెద్దాయన మేత బకెట్టుతో గట్టు మీద ఉన్నాడు. గడ్డిలోకి విసిరింది నేనని, బావ దిగింది చేపను విడిపించడానికేనని చెప్పాను. మరి అప్పుడే ఎందుకు చెప్పలేదన్నాడు. ఈ చెరువు నాకు దక్కకుండా పోతుందని భయపడ్డానన్నాను. బకెట్టులో మిగిలిన మేత చల్లేసి, బావ రావచ్చన్నాడు. నన్ను రావద్దన్నాడు. ఆ మాట అక్కడే బావకు ఫోను చేసి చెప్పాను.

వెళ్లేముందు ఒక్క పనికి పెద్దాయనను ఒప్పించుకున్నాను. బావ పీకిన గడ్డి ఇంకా గట్టు మీదే పడి ఉంది. దానికి ఆవగింజలంత గుడ్లు అంటుకుని ఉన్నాయి. కొన్ని అప్పటికే ఎండి తెల్లబడ్డాయి. నీళ్లలో కాలు పెట్టకుండా, గట్టు మీద బోర్లా పడుకుని, తడి ఆరని దుబ్బులను ఒక్కొక్కటిగా నీళ్లలోకి దించాను.