కట్ వినిపించని షాట్లు

దర్శకుడు పోయిన కొన్నాళ్లకు ఆయన భార్య రెండు హార్డ్ డిస్కులు తెచ్చి నా బల్ల మీద పెట్టింది. నిజామాబాద్‌లో నేను పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తాను. బోధన్ వైపు చెరుకు రైతుల మీద తీస్తున్న సినిమా సగంలో ఉండగానే, అక్కడి లాడ్జిలో ఆయన గుండె ఆగిపోయింది. తీసినంతవరకూ అతికించి చూపించమంది ఆమె.

సినిమా కోసమే అయితే రోజూ వచ్చి నా పక్కన కూర్చోనక్కర్లేదు. మోస్రా ఊరి అమ్మాయి, ఆ సినిమాలో కథానాయిక, తెర మీదికి రాగానే ఆమె కుర్చీ ముందుకు జరుపుకునేది.

"ఆఖరి దినాలల్ల ఫోన్ ఎత్తలే తమ్మి. మెసేజీలే పెట్టిండు. ఎందుకంటవ్?"

నా అనుమానం వేరు. మొదట్లో తీసిన ప్రతి షాట్ చివరా ఆయన గొంతు "కట్" అంటుంది. చివర్లో తీసినవాటిలో ఆ మాట లేదు. అన్నీ చిన్న కుదుపుతో ఆగిపోతున్నాయి. ఆయన పోయాక కెమెరామన్ సొంతంగా తీసి, సినిమా తనదని చెప్పుకోవాలనుకుంటున్నాడేమో. ఆమెతో అంటే, ఆమె ఇంకో మాట అంది.

"గొంతు తుడిపేసిండు. ఆ పిల్లతోని ఏం మాట్లాడిండో నేను ఇనొద్దని."

గాలీ, చెరుకాకుల చప్పుడూ చెక్కుచెదరకుండా ఉన్నాయి. ఒక్క గొంతునే ఎలా తుడుస్తారు?

కెమెరామన్‌ను పిలిపించాను. తెర చూసి, ఆమెను చూసి, లేచి పోబోయాడు. తలుపు దగ్గర ఆపాను.

"ఆ షాట్లు నువ్వు సొంతంగ తీసినవా అన్నా?"

"డైరెక్టర్ అన్ననే తీయించిండు. గొంతు పోయింది ఆయనకు. నా ఎనక నిలబడి, షాట్ అయిపోతే భుజం తట్టేటోడు. గదే కుదుపు." ఆమె వైపు తిరిగాడు. "డాక్టర్ హైదరాబాద్ పెద్దాసుపత్రికి పొమ్మన్నడు వదినా. నీకు తెలిస్తే షూటింగ్ ఆపుతవని మాతోని ఒట్టు ఏయించుకున్నడు."

ఆమె ఏడవలేదు. "ఆ పిల్లకు తెలుసా?"

"అందరికి తెలుసు."

చాయ్ ముట్టకుండా వెళ్లిపోయింది.

ముగింపు లేని ఆ సినిమాను చివరికి బోధన్ దగ్గర ఒక రైతు కల్లంలో తెర కట్టి చూపించాం. ఆమె వెనక వరసలో కూర్చుని, తెరను కాక, సినిమా చూడ్డానికి వచ్చిన ఆ మోస్రా అమ్మాయినే చూసింది. తిరుగు ప్రయాణంలో కెమెరామన్‌ను అడిగింది.

"ఇంకేమన్న దాసినవా?"

"లేదు వదినా."

అతను దిగిపోయాక నా వైపు తిరిగింది. "నిజమే చెప్పిండంటవా?"

నిజమే అన్నాను. నేనూ ఏదో దాస్తున్నానేమో అన్నట్టు ఆమె నా మొహంలోకి చూసింది.