గులాబీ దర్వాజ

మా ఇంటికి ఏ రంగు వేయాలని నన్నెవరూ ఎప్పుడూ అడగలేదు. అడగకపోయినా ఆ ఏడు నేనే నోరు విప్పాను. గొంతు నొప్పి పుట్టేదాకా వాదించాను. లాభం లేకపోయింది.

మహబూబాబాద్‌లో రైల్వే స్టేషన్‌కు ఈవల మా ఇల్లు. మా ఆయన సర్కారు ఆఫీసులో గుమస్తా, మరిది బడి పంతులు. వీళ్లిద్దరి తల్లి, మా అత్తమ్మ, పాలకుర్తి పక్క పల్లె నుంచి వచ్చి మాతోనే ఉండేది. ఏటా బతుకమ్మ పండుగ ముందు గోడలకు తెల్ల సున్నం, దర్వాజ చట్రాలకూ తలుపులకూ ముదురు నీలం నూనె రంగు. మామయ్య బతికున్నప్పటి నుంచి అదే పద్ధతి.

ఆ నీలం దర్వాజే అత్తమ్మకు దారి. కొన్నేళ్లుగా ఆమె చూపు తగ్గుతూ వచ్చింది. హనుమకొండ దవాఖానకు నేనే తీసుకుపోయాను. కంటి నరం దెబ్బతిన్నదని, పోయిన చూపు మళ్లీ రాదని, ఉన్నది నిలవాలంటే చుక్కల మందు మానొద్దని డాక్టర్ చెప్పాడు. మనుషుల మొఖాలు ఆమెకు మసక. పసుపు రాసిన గడప కూడా మసకే. తెల్ల గోడ మధ్య ముదురు రంగు నిలువుగా కనబడితే మాత్రం అక్కడ తలుపుందని తెలిసేది. పొద్దున్నే మంచం మీంచి లేచి, ఆ నీలం కేసి నడిచి, ఎవరి చెయ్యీ పట్టకుండా పెరట్లోకి పోయి వచ్చేది.

దవాఖాన నుంచి వస్తుంటే బస్సులోనే నా చెయ్యి తన నెత్తి మీద పెట్టుకుని ఒట్టు వేయించుకుంది.

"నా పోరగాండ్లిద్దరికి చెప్పకు బిడ్డా. చెప్తే నన్ను మంచంల కూసోబెడ్తరు. కాళ్లు ఆడినన్ని దినాలు నా అంతట నేనే పోత."

"ఎన్ని దినాలు దాస్తవత్తమ్మా?" అన్నాను.

"దాగినన్ని దినాలు."

తెలంగాణ కోసం ఉద్యోగులంతా సమ్మెకు దిగిన ఏడు అది. ఆఫీసులు మూత, బడులు మూత. బస్సుల్లేవు, కొన్ని రోజులు రైళ్లు కూడా లేవు. అన్నదమ్ములిద్దరూ పొద్దంతా సమ్మె శిబిరంలో కూర్చుని నినాదాలిచ్చేవాళ్లు, ఇంటికొచ్చాక ఏం చేయాలో తోచక నా వంటకు వంకలు పెట్టేవాళ్లు. పని లేని మగవాళ్లు ఇంట్లో ఉంటే ఎట్లుంటుందో ఏ ఆడదాన్నైనా అడగండి. బతుకమ్మ దగ్గర పడింది. ఈసారి సున్నం మేమే వేస్తామంటే హమ్మయ్య, వీళ్లకో పని దొరికిందనుకున్నాను.

మరిది రంగు పొడి పొట్లం, ఒక డబ్బా పట్టుకొచ్చాడు.

"ఇల్లంత గులాబీ వదినా. పొడి సున్నంల కలుపుతం. దర్వాజలకు గిది," అన్నాడు. పొడీ, డబ్బాలోని గులాబీ నూనె రంగూ శిబిరం గోడకు, గుంజలకు వేయగా మిగిలినవి.

నేను అత్తమ్మ మంచం వైపు చూశాను.

"గోడలకు ఏదన్న ఎయ్యిన్రి. దర్వాజలకు నీలమే ఉండాలె," అన్నాను.

"నీలం ఏడ దొరుకుతది? దుకాణాలు బంద్, లారీలు బంద్," అన్నాడు మా ఆయన.

"పాతదే ఉండనియ్యిన్రి. కడిగితే మంచిగైతది."

"ఊరంత ఒక్కటైంది. మనింట్ల దర్వాజలు ఏరువడ్తయా ఏంది?" అని నవ్వాడు.

గులాబీ మీద చేతి మరకలు ఊరికే కనబడతాయన్నాను. లేని వాస్తు కల్పించాను. చిల్పూర్ వెంకన్నకు నీలమే వేయిస్తానని మొక్కుకున్నానని కూడా అన్నాను, ఆ దేవుడే నన్ను మన్నించాలి. దేనికీ కదల్లేదు. పైగా మరిది, "వదినకు తెలంగాణ వచ్చుడు ఇష్టం లేనట్టుంది," అన్నాడు. నాకు ఒళ్లు మండింది. ఉద్యమంలో రోడ్డు మీద వంటా వార్పూ పెట్టిన రోజు పొయ్యి ముందు పొగ మింగింది నేను, వీళ్లు కాదు. అసలు సంగతి నాలుక చివరిదాకా వచ్చింది. మంచం మీద అత్తమ్మ నా గొంతు వినబడే వైపు తల తిప్పింది.

"ఎయ్యనియ్యి బిడ్డా," అంది. "తెలంగాణ రంగు. నా అర్రకు గూడ ఎయ్యిన్రి నాయినా."

ఇంక నేనేం మాట్లాడను? లోపలికి పోయి ఏడ్చాను.

గోడలూ తలుపులూ దర్వాజలూ అన్నీ కలిపి గులాబీ పూశారు. నా ముదురు నీలం చీర ఒకటి అత్తమ్మ దర్వాజకు తెరలా కట్టాను. రంగు ఆరలేదు, అంటుకుంటుందని మా ఆయన విప్పేశాడు.

మర్నాడు పొద్దున నేను వాకిలి ఊడ్చి లోపలికి వచ్చేసరికి అత్తమ్మ గది మూలకు మొఖం పెట్టి నిలబడి ఉంది. గోడ తడుముకుంటూ దర్వాజను, దగ్గరగా వేసిన తలుపును దాటి మూలదాకా పోయింది. అరచేతులు గులాబీ. కాళ్ల కింద తడి, చీర తడి.

"తలుపు దొరకలే బిడ్డా," అంది మెల్లగా.

చీర మార్చాను. బండలు తుడిచాను. కిరసనాయిలు గుడ్డతో ఆమె చేతులు తుడిచాను. అన్నదమ్ములు అప్పటికింకా లేవలేదు.

లేచాక మా ఆయన దర్వాజ మీద వేలి ముద్రలు చూశాడు. మొఖం వెలిగిపోయింది.

"అవ్వ ముట్టి చూసింది రా," అని తమ్ముణ్ని పిలిచి, తల్లి వైపు తిరిగాడు. "ఎట్లున్నదే అవ్వా రంగు?"

"మంచిగున్నది నాయినా."

ఆ ముద్రలు చెరపొద్దని నాకు చెప్పాడు. శిబిరంలో అందరికీ చెప్పాడు. బతుకమ్మకు వచ్చిన ఆడవాళ్లకు చూపించాడు. వాళ్లు ఆ ముద్రల్ని ముట్టుకుని, ముసలమ్మకు తెలంగాణ మీద ఎంత పావురం, ఎంత ప్రేమ అని మెచ్చుకున్నారు. అత్తమ్మ మంచం మీద కూర్చుని నవ్వింది. వాళ్లు పోయాక చెయ్యి చాపింది. పట్టుకుని పెరట్లోకి తీసుకుపోయాను. మా ఆయన చూసి, "అవ్వను మంచిగ చూసుకుంటున్నవే," అన్నాడు.

సమ్మె అయిపోయింది, దుకాణాలు తెరిచారు. నేనే వెళ్లి నీలం డబ్బా తెచ్చి, ఎవరినీ అడగకుండా అత్తమ్మ గది దర్వాజ ఒక్కదానికి వేశాను. ముద్రలు చెరిపేశానని మా ఆయన నాతో రెండ్రోజులు సరిగ్గా మాట్లాడలేదు.

రంగు ఆరాక అత్తమ్మను మంచం మీద లేపి కూర్చోబెట్టాను.

"అగో, నీలం. కనవడ్తుందా అత్తమ్మా?"

ఆమె కాళ్లు కింద పెట్టి ఆ నీలం కేసి తిరిగింది.

"కనవడ్తున్నది బిడ్డా," అంది. "అయినా జర చెయ్యియ్యి."